వెంకటప్ప పట్టిన చిమ్మట కోసం హోసూరు నుంచి కల్లావి దాకా

పెట్టె మూత తీసేసరికి గుండుసూది నిలబడే ఉంది. దాని కింద నా చేతిరాతతో ఉన్న చీటీ కూడా ఉంది. చిమ్మట మాత్రం లేదు. సూది మొదట్లో చిటికెడు బూడిదరంగు పొడి, అందులో విరిగిన కాలు ఒకటి కనిపించాయి. రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే ఈ రెక్కల పురుగులను సేకరించి, పేర్లు తెలుసుకుని, పెట్టెల్లో దాచుకోవడం నాకు ఆరేళ్లుగా అలవాటు. కుప్పంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తాను కాబట్టి సూదులూ పెట్టెలూ చేతికందే దూరంలోనే ఉంటాయి. పెట్టెలో కలరా ఉండలు అయిపోయాయని రెండు నెలలుగా తెలుసు. ఈ ఆదివారం పెడతాను, వచ్చే ఆదివారం పెడతాను అనుకుంటూ ఉండిపోయాను. ఈలోగా కంటికి ఆనని పురుగులేవో పెట్టెలోకి దూరి తమ పని కానిచ్చాయి.

పోయింది నేను పట్టిన చిమ్మట అయితే ఇంత బాధ లేదు. హోసూరు పక్కన మత్తిగిరిలో మా పిన్ని కూతురు అప్పట్లో ఉన్న అపార్ట్‌మెంటుకు వెంకటప్ప అనే ఆయన వాచ్‌మేన్. నిరుడు తొలకరి వానలప్పుడు, వాకిలి ఊడుస్తూ వెనకగోడ మీద దాన్ని చూసి, దగ్గుమందు సీసాలో పెట్టి నాకిచ్చాడు. బొటనవేలి గోరంత ఉంటుంది. రాగిపిండి రంగు రెక్కలు, ఒక్కొక్క రెక్క మీద వంపు తిరిగిన సన్నటి వెండి గీత. బెంగళూరులో చిమ్మటలనే చదివే ఒక డాక్టరుగారికి ఫొటోలు పంపితే, తెలిసిన వాటిలో దేనితోనూ సరిపోవడం లేదు, ఫొటో చాలదు, అసలుది పంపమన్నారు. అదీ వాయిదా వేశాను. వెంకటప్పకు మాత్రం ఆ రోజే రెండు మాటలు చెప్పి వచ్చాను. ఇది కొత్తదని తేలితే మీ పేరు పెట్టిస్తానన్నది ఒకటి. ఒకటి చాలు, ఇంక వాటిని చంపొద్దన్నది రెండోది.

పొడి చూసిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. చిమ్మటలు బయటికొచ్చే వారం మళ్లీ వచ్చేసింది. మొన్న వాన పడింది. ఈ వారం దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. వెంకటప్ప దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాలి, గోడ దగ్గర ఇంకొకటి దొరుకుతుందేమో చూడాలి. ఒక రోజు సెలవు పెట్టాను. ఒక్క రోజులో అయిపోతుందనే అనుకున్నాను.

కుప్పంలో ఐదున్నరకు కృష్ణగిరి బస్సు ఎక్కాను. టికెట్టు అరవై లోపే. దావ పొడుగునా మామిడితోటలు, గుట్టలు. కిటికీ పక్కన సీటు దొరికితే బాగుంటుంది. నాకు దొరికింది కానీ చూసింది తక్కువ. ప్రతి స్టాపులో ఎవరో దిగుతుంటే బస్సు ఎందుకింత సేపు ఆగుతోందని గడియారం చూసుకోవడమే సరిపోయింది. ఏడుంబావుకు కృష్ణగిరి. ఇక్కడి నుంచి హోసూరుకు పది నిమిషాలకొక బస్సు ఉంటుంది. స్టాండు బయట ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకున్నాను గానీ రెండో ఇడ్లీ సగంలో ఉండగానే బస్సు కదులుతున్నట్టు అనిపించి లేచి పరుగెత్తాను. అది కదలలేదు. ఇంకో ఆరు నిమిషాలు అక్కడే ఉంది. శూలగిరి కొండ దాటాక రోడ్డు పనుల వల్ల లారీలు ఆగిపోయాయి. హోసూరు స్టాండులో దిగేసరికి తొమ్మిది కావొస్తోంది. మత్తిగిరికి టౌన్ బస్సుంది. అది వచ్చేదాకా నిలబడలేక ఆటో ఎక్కాను, నూటయాభై అయింది.

అపార్ట్‌మెంటు గేటు మూసి ఉంది. పక్కన చెక్కపెట్టె మీద వెంకటప్ప కూర్చునే చోట ఇప్పుడు ఒక ఇనుప స్తంభం, దాని మీద కెమెరా. ఎదురుగా ఇస్త్రీ బండి దగ్గర ఒకామె చీర మడతపెడుతోంది. వెంకటప్ప కావాలని అడిగాను.

"ఆయప్ప ఈడ లేడు కదమ్మా. కెమెరాలు పెట్టినారు, వాచ్‌మేన్ వొద్దనేసినారు. రెండు నెలలాయె."

"యాడికి పోయినాడో తెలుసా?"

"కెలవరపల్లి కాడ రోజాపూల షెడ్డులో పనికి చేరినాడంట. ఆడ పోయి అడగమ్మా. పేరు చెప్తే చూపిస్తారు."

ఫోన్ నంబరు అడిగితే, పాత ఫోను అపార్ట్‌మెంటు వాళ్లదే, పోయేటప్పుడు ఇచ్చేసి పోయినాడని చెప్పింది. గోడ వెనక్కి వెళ్లాలంటే గేటు దాటాలి. గేటు తెరిచేవాళ్లు లేరు. బెల్లు రెండుసార్లు కొట్టి, మూడోసారికి ఆగకుండా వచ్చేశాను.

మత్తిగిరి నుంచి కెలవరపల్లికి హోసూరు ఊరు మధ్యలోంచే పోవాలి. వెళ్లిరావడానికి, అక్కడ ఆగడానికి కలిపి ఆటోకు ఐదువందలు మాట్లాడుకున్నాను. అక్కడి నుంచి తిరుగు ఆటోలు దొరకవు, మీరు వెళితే ముందే మాట్లాడుకోండి. నేను ముందుకు వంగి రోడ్డు చూస్తుండటం అద్దంలో కనిపెట్టి డ్రైవరు అడిగాడు.

"ఏంమా, ఆస్పత్రి కేసా?"

"కాదు. పురుగు కోసం పోతా ఉండాను. దీపం పురుగు."

"దానికి ఇంత తొందరా?"

"దానికి వారం దినాలే ఆయుసు."

 ఆయన ఆటోను కొంచెం వేగంగా పోనిచ్చాడు.

కెలవరపల్లి డ్యామ్ గట్టు కనిపించాక ఎడమ పక్కన వరసగా తెల్లటి ప్లాస్టిక్ షెడ్లు. లోపల నడుమెత్తు రోజా మొక్కలు, తడి వేడి, ఎరువు వాసన. మొగ్గలు కోసి కట్టలు కడుతున్న మునెమ్మ అనే ఆమె నేను వెంకటప్ప పేరు చెప్పగానే చేతి తొడుగులు తీసింది.

"వెంకటప్ప ఊత్తంగరై అవతల కల్లావికి పోయినాడు. మరదలింటికి. మామిడికాయల పని. మూడు దినాలు లీవు చెప్పినాడు." ఒక క్షణం నన్ను పరికించి చూసింది. "పురుగుకు ఆయప్ప పేరు పెడతానన్న మేడమ్ నువ్వేనా?"

నేనే అన్నాను.

"దినామూ చెప్తా ఉంటాడు. పెట్టేసినారా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను. ఆమె తన ఫోనులోంచి వెంకటప్ప కొత్త నంబరుకు చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మండీలో సద్దుకు వినబడదులే అంది.

వెళ్లిపోదామని తిరిగినప్పుడు తల పైన వేలాడుతున్న పసుపు జిగురు అట్టలు కనిపించాయి. రోజాలకు చీడ తెచ్చే పురుగులు వాటికి అంటుకుంటాయి. సంచిలోంచి భూతద్దం తీసి ఒక్కొక్క అట్టా చూడటం మొదలుపెట్టాను. తెల్లదోమ, ఈగలు, ఏవో గోధుమరంగు పురుగులు. పధ్నాలుగో అట్ట కింది మూలలో రాగిపిండి రంగు కనిపించింది. రెక్క సగం జిగురులో కూరుకుపోయి ఉంది, పైకి తేలిన సగంలో వెండి గీత ఉంది. మునెమ్మ పూలు కత్తిరించే కత్తెరతోనే ఆ ముక్క కోసి ఇచ్చింది.

బయటికొచ్చి ఫొటో తీసి బెంగళూరు డాక్టరుగారికి పంపి, ఫోన్ చేశాను. ఆమె కాసేపు చూసి చెప్పారు. "అదే కావచ్చు. కానీ రెక్కల మీది పొలుసులన్నీ జిగురులో పోయాయి. పేరు పెట్టడానికి దీన్ని ఆధారంగా చూపించలేం. ఈ వారం అవి బయటికొస్తున్నాయని మాత్రం తెలుస్తోంది. మంచిది ఒకటి, వీలైతే మగది, చూడండి. ఏ చెట్టు ఆకు తిని పెరుగుతుందో తెలిస్తే ఇంకా మేలు."

పన్నెండున్నర అయింది. డ్యామ్ నీటి మీద తెల్లటి నురగ గాలికి కదులుతోంది. ఆటో పక్కన నిలబడి ఒక ఆలోచన చేశాను, దాన్ని దాచుకోవడం దేనికి. కుప్పం వెళ్లిపోవచ్చు. పోయినదాని సంగతి వెంకటప్పకు ఎప్పటికీ తెలియనక్కర్లేదు. ఈ ముక్కే ఆయన ఇచ్చింది అని చెప్పినా అడిగేవారు లేరు. ఆ ఆలోచనతో ఆటోలో కూర్చుని, హోసూరు స్టాండులో దిగి, కుప్పం వైపు పోవడానికైనా కల్లావి వైపు పోవడానికైనా ముందు కృష్ణగిరే కాబట్టి ఆ బస్సు ఎక్కాను. గంటన్నర ప్రయాణంలో నాలుగుసార్లు సీటు మారాను. కృష్ణగిరి స్టాండులో కుప్పం బస్సు నిలబడి ఉంది, ఖాళీగా కూడా ఉంది. దాని మెట్టు మీద ఒక కాలు పెట్టాను. మునెమ్మ "పెట్టేసినారా" అని అడిగిన ముఖం కళ్ల ముందుకొచ్చింది. కాలు దించి ఊత్తంగరై బస్సు కోసం అవతలి వైపుకు నడిచాను.

కృష్ణగిరి నుంచి ఊత్తంగరైకి గంటంబావు, అక్కడి నుంచి టౌన్ బస్సులో కల్లావి. ఐదు గంటలకు దిగాను. కాయల మండీ ఎక్కడని అడగనక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది. రేకుల షెడ్డు కింద గడ్డి పరిచి, దాని మీద మామిడికాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. వెంకటప్ప గొంతుక్కూర్చుని పండినవి ఒక పక్కకు, దోరవి ఒక పక్కకు వేరుచేస్తున్నాడు. యాభై ఐదేళ్లుంటాయి, బక్కపలచటి మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ముఖమంతా నవ్వే.

"యా దావన వచ్చినారమ్మా ఇంత దూరం? పేరు వచ్చేసినాదా?"

కూర్చోకుండానే చెప్పేశాను. "వెంకటప్పన్నా, మీరిచ్చింది పోయింది. పెట్టెలో వేరే పురుగులు తినేసినాయి. మందు మార్చలేదు నేను. తప్పు నాదే."

"రెక్కలు కూడానా?"

"రెక్కలు కూడా."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. కాయలు వేరుచేయడం మొదలుపెట్టాడు. మరదలు పార్వతమ్మ ఏమైందని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఒక పండు కోసి నా చేతిలో పెట్టి పోయింది. తినలేక, పారేయలేక పట్టుకుని నిలబడ్డాను. బుట్ట నిండేదాకా ఆయన తలెత్తలేదు.

"నేనిచ్చినప్పుడు బాగుండె కదమ్మా. నువ్వే చేతిలో పెట్టుకోని చూస్తివి." ఇంకో కాయ తీసి, వాసన చూసి, ఏ వైపు వేయాలో తేల్చుకోలేనట్టు పట్టుకున్నాడు. "ఊరంతా చెప్పినా నేను. పార్వతమ్మకు చెప్పినా, మునెమ్మకు చెప్పినా. ఇప్పుడు చీమలు తినేసినాయని చెప్పాలనా?"

నేను జిగురు అట్ట ముక్క తీసి చూపించాను. అది దొరికిన సంగతి చెప్పాను. భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అదే ఇది. కానీ నేను చూసింది కాదు కదా."

"కాదు. అందుకే చీటీలో మీ పేరు రాయలేను. దొరికిన చోటు, దొరికిన దినం, చూసినవాళ్ల పేరు, మూడూ నిజం ఉండాల."

"నాదే అని చెప్పేసి ఉంటే నాకేం తెలుస్తాది?"

"మీకు తెలీదు. నేను రాసేటప్పుడు నాకు తెలుస్తాది."

ఆయన అట్ట ముక్క తిరిగిచ్చాడు. కోపం తగ్గిందో లేదో ముఖం చూసి చెప్పలేను. మామూలు గొంతుతోనే అన్నాడు. "ఒకటి చాలు, చంపొద్దంటివి. ఆ తర్వాత పదకొండు చూసినా. ఒక్కటీ ముట్టలేదు."

నేను పక్కనున్న ఖాళీ బుట్ట బోర్లించి కూర్చున్నాను. "యాడ చూసినారు?"

"ఆ గోడ మీదనే. గోడ పక్కన కానుగ చెట్టు ఉండాది చూడు, దాన్నుంచే వస్తాయి. ఆకు చుట్టుకోని లోపల పడుకోనుంటాయి. పొద్దున ఊడ్చేటప్పుడు చెట్టు కింద మిరియాల పొడి మాదిరి ఉంటాది, వాటి పెంట. మూడేండ్లు ఊడ్చినా కదా."

ఏ చెట్టు ఆకు తింటుందో తెలిస్తే మేలని డాక్టరుగారు మధ్యాహ్నం అన్నది ఇదే. నిరుడు ఆయన సీసా ఇచ్చినప్పుడు నేను పది నిమిషాలు మాట్లాడాను. ఇది ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసా అని ఒక్కమాట అడగలేదు. వాచ్‌మేన్‌కు ఏం తెలుస్తుందనుకున్నానో, తొందరలో ఉన్నానో.

వెంకటప్ప కుళాయి దగ్గర చేతులు కడుక్కుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పార్వతమ్మా, రేపు మధ్యాన్నానికి వచ్చేస్తా. నువ్వు లేమ్మా, పోదాం."

ఆరున్నర బస్సు దొరికింది. ఊత్తంగరై దాటాక ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "ఆడ పదహారు ఇండ్లు. మూడేండ్లు ఉన్నా. వాచ్‌మేన్, మోటర్ వెయ్. వాచ్‌మేన్, గేటు తియ్. నా పేరు ఒక్కరికీ తెలీదు. పేరు పెట్టేటప్పుడు ఊరి పేరు పెడదాం, ఇంకెవురి పేరో పెడదామని మార్చొద్దమ్మా. నా పేరే పెట్టాల. దాన్ని చూసింది నేను."

పెట్టే అధికారం నాది కాదని, కొత్తదని తేల్చాల్సింది డాక్టరుగారని, తేలకపోవచ్చు కూడానని చెప్పాను. ఈసారి మాట ఇవ్వలేదు. అడుగుతానని మాత్రం చెప్పాను. ఆయన తలూపాడు.

హోసూరులో దిగేసరికి రాత్రి భోజనాల వేళ దాటింది. ఆయన షెడ్డు క్వార్టర్సుకు పోయాడు. నేను స్టాండు పక్కన లాడ్జిలో గది తీసుకున్నాను, ఏడువందలు. గది శుభ్రంగానే ఉంది, నిద్రే లేదు. ఐదింటికే తయారై మెట్ల మీద నిలబడ్డాను. ఆయన ఐదున్నరకు వచ్చాడు, పాత దగ్గుమందు సీసాతో.

మత్తిగిరిలో గేటు అప్పుడే తెరుచుకుంటోంది. నడకకు బయల్దేరిన ఒక పెద్దమనిషి ఆగాడు. "ఏం వాచ్‌మేన్, మళ్లీ పనికి వచ్చేసినావా?"

"నా పేరు వెంకటప్ప సార్. కానుగ చెట్టు చూసేదానికి వచ్చినా."

ఆ పెద్దమనిషి ఒక్క క్షణం తడబడి, నా చేతిలోని పెట్టె చూసి, "చూడప్పా" అని గేటు పట్టుకుని నిలబడ్డాడు.

వెనకగోడ కొత్తగా సున్నం వేసి నున్నగా ఉంది. దాని మీద ఏమీ లేదు. ఇదివరకు తెల్లార్లూ వెలిగే ట్యూబులైటు తీసేసి, మనిషి వస్తేనే వెలిగే దీపం పెట్టారు. దీపం లేకపోతే చిమ్మటలు గోడకు రావు. ఒక్కదాన్నే వచ్చి ఉంటే అక్కడి నుంచే తిరిగిపోయేదాన్ని. వెంకటప్ప గోడ వైపు చూడనే లేదు. చెట్టు కింద వంగి, వేలితో మట్టి తడిమి, నల్లటి పలుకులు అరచేతిలోకి తీసుకున్నాడు. అవి ఉన్నచోటికి నేరుగా పైన ఏ కొమ్మ ఉందో చూశాడు. ఆ కొమ్మ వంచాడు. ఆకులు బీడీల్లా చుట్టుకుని, అంచులు పట్టుదారంతో కుట్టినట్టు అతుక్కుని ఉన్నాయి. పద్దెనిమిది లెక్కపెట్టాము. "సగం విడిచిపెడదాం" అన్నాడు. తొమ్మిది ఆకులు కొమ్మ పుల్లలతో సహా కోసి గాలి ఆడే పెట్టెలో సర్దాను.

అప్పుడే మానుకు మోకాలెత్తున ఆయన వేలు చూపించాడు. తెల్లవారుజామున గూడు చీల్చుకుని వచ్చినట్టుంది, రెక్కలు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. రాగిపిండి రంగు మీద తడి ఆరుతోంది. వెండి గీత మెల్లగా వంపు తిరిగింది. రెక్కలు ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాము. నిన్నటి నుంచి అంతసేపు నేను ఒకచోట కూర్చున్నది అప్పుడే.

"చంపాలనా?" అని అడిగాడు.

"చంపాల. ఒకటి చాలదు కూడా. నిరుడు నేను తప్పు చెప్పినా."

ఆయన ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత తనే సీసా మూత తీసి, మెల్లగా దాని మీద బోర్లించాడు.

కుప్పంలో తొమ్మిది ఆకుల్లోంచి పన్నెండు రోజుల్లో ఐదు చిమ్మటలు బయటికొచ్చాయి. రెండు ఆకులు ఎండిపోయాయి, రెండిట్లోంచి చిమ్మటకు బదులు, దాని పిల్లపురుగును లోపలే తిని పెరిగే సన్నటి కందిరీగలు వచ్చాయి. ఈసారి వాయిదా వేయకుండా అన్నీ తీసుకుని రైలెక్కి బెంగళూరు వెళ్లి డాక్టరుగారి చేతికిచ్చాను. పాత సేకరణలన్నిటితో పోల్చి చూశాక, మగవాటి శరీర నిర్మాణం పరీక్షించాక, ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టనిదేనని ఆమె చెప్పారు. వ్యాసం రాస్తున్నారు, ఇంకా అచ్చు కాలేదు. అందులో పేరు వెంకటప్పదే. లాటిన్ పద్ధతిలో చివర 'ఐ' చేరి వెంకటప్పై అవుతుంది. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తర్వాత చీటీ చదవమన్నాడు. "మత్తిగిరి, కానుగ చెట్టు మాను, తెల్లవారుజామున, పట్టినవారు వెంకటప్ప" అని, తేదీతో సహా చదివాను. "సరిగా ఉండాది" అన్నాడు. ఆ వేళ కల్లావిలో ఉన్నట్టున్నాడు, ఫోనులో ఎవరని పార్వతమ్మ ఆయన్ని అడగడం వినిపించింది.

ఆ రెండు రోజుల్లో నేను తిరిగిన దూరం లెక్కేస్తే మూడువందల కిలోమీటర్లు దాటుతుంది. వెతికింది దొరికింది మొదట వెళ్లిన చోటే, మత్తిగిరిలోనే. అయినా ఆ తిరుగుడు దండగ అనిపించలేదు. కల్లావి మండీలో ఆ బుట్ట మీద కూర్చోకపోతే ఆ చెట్టు పక్క నుంచి నడిచి పోయేదాన్ని. అటువైపు వెళ్లి చిమ్మటలు చూడాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. తొలివాన పడిన వారంలో, పొద్దున ఆరు లోపు ఊళ్లో ఉండేలా ముందురోజే హోసూరు చేరుకోండి. ఆ వేళకు వాకిళ్లు ఊడ్చేవాళ్లు లేచి ఉంటారు. వాళ్లను ఏ చెట్టు కింద ఏం పడుతోందని అడగండి. అడిగేముందు వాళ్ల పేరు అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి.